అప్‌గ్రేడ్ తర్వాత సౌండ్ రావట్లేదా? నంబర్ కాదు, పేరు చూడండి

ఉబుంటు 22.04 నుంచి 24.04కి అప్‌గ్రేడ్ చేశారు. అంతా బాగానే ఉంది, స్పీకర్లలో మాత్రం సౌండ్ లేదు. వెంటనే "కార్డు పోయింది" అనుకుని కొత్తది ఆర్డర్ పెట్టేయకండి. చాలాసార్లు కార్డు బాగానే ఉంటుంది, సౌండే వేరే కార్డుకి వెళ్తుంటుంది.

వేరే కార్డు ఎక్కడిది అంటారా? మదర్‌బోర్డులో ఒకటి ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డులో హెచ్‌డీఎంఐ సౌండ్‌కి ఇంకొకటి. యూఎస్‌బీ మైక్ పెడితే లైనక్స్ లెక్కలో అదీ ఒక కార్డే.

కెర్నల్‌లోని ఆల్సా వీటికి 0, 1, 2 అని నంబర్లు ఇస్తుంది. మామూలుగా ఏ డ్రైవర్ ముందు లోడ్ అయితే దానికి ముందు నంబర్. బస్సులో ముందు ఎక్కినవాళ్లకి ముందు సీటు దొరికినట్టు అన్నమాట. కొత్త కెర్నల్‌తో ఆ వరస మారొచ్చు. పైగా 22.04లో సౌండ్ చూసుకున్నది పల్స్‌ఆడియో, 24.04లో పైప్‌వైర్. పాత డిఫాల్ట్ అలాగే ఉంటుందని గ్యారంటీ లేదు.

ఇప్పుడు వరసగా చూద్దాం.

ఒకటి: టెర్మినల్‌లో క్యాట్, స్పేస్, స్లాష్ ప్రాక్ స్లాష్ ఏసౌండ్ స్లాష్ కార్డ్స్ అని కొట్టండి. మీ కార్డు పేరు కనిపిస్తే కెర్నల్ దాన్ని గుర్తించినట్టే. అసలు లేకపోతే డ్రైవర్, బయాస్ సెట్టింగ్ చూడాలి.

రెండు: డబ్ల్యూపీసీటీఎల్ స్టేటస్ కొట్టండి. సింక్స్ అంటే స్పీకర్లు, సోర్సెస్ అంటే మైకులు. స్టార్ గుర్తు ఉన్నదే డిఫాల్ట్. మీకు కావాల్సినదాని పక్కన నంబర్ చూసి, డబ్ల్యూపీసీటీఎల్ సెట్ హైఫన్ డిఫాల్ట్ అని ఆ నంబర్ ఇవ్వండి. రీస్టార్ట్ చేస్తే ఆ నంబర్ మారొచ్చు, కంగారు పడకండి. సిస్టమ్ గుర్తుపెట్టుకునేది పేరునే.

మూడు: ఆ లిస్టులో కార్డే లేదా? పావుకంట్రోల్ ఇన్‌స్టాల్ చేసి, కాన్ఫిగరేషన్ ట్యాబ్‌లో ప్రొఫైల్ ఆఫ్‌లో ఉందేమో చూడండి.

నాలుగు: ఆల్సామిక్సర్ తెరిచి, ఎఫ్6తో కార్డు ఎంచుకోండి. కింద ఎంఎం అని ఉంటే అది మ్యూట్. ఎం నొక్కితే తీసేస్తుంది.

ఎప్పుడో మీరే ఏసౌండ్ డాట్ కాన్ఫ్ ఫైల్ రాసుకుని ఉంటే, అందులో కార్డు నంబర్ తీసేసి పేరు పెట్టండి. మళ్లీ అప్‌గ్రేడ్ వచ్చినా వరస మారిందన్న గొడవ ఉండదు.

చివరగా ఒక్క మాట. రేపు పొద్దున ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఉంటే, ఈ రాత్రి మాత్రం అప్‌గ్రేడ్ పెట్టుకోకండి. ఉంటాను, బై!