పాదరస ఉష్ణమాపకం: 0°సె. సమీపంలో కొలత ఖచ్చితత్వం

టీకా మందులలో చాలావాటిని 2°సె. నుంచి 8°సె. మధ్య భద్రపరచాలని మీరు వినే ఉంటారు. హెపటైటిస్-బి వంటి టీకాలు గడ్డకడితే పనికిరాకుండా పోతాయి. టీకాలు ఉంచిన శీతల పెట్టెలో పాదరస ఉష్ణమాపకం 2.4°సె. చూపుతున్నదనుకోండి. పెట్టె సరైన ఉష్ణోగ్రతలో ఉన్నట్లేనా? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పాలంటే, ఉష్ణమాపకంలో దోషం ఎక్కడ పుడుతుందో ముందుగా తెలుసుకోవాలి.

1. దోషం పాదరసానిదా?

కాదు. పాదరసం -38.8°సె. వద్ద గాని ఘనీభవించదు. కాబట్టి 0°సె. వద్ద అది ద్రవంగానే ఉంటుంది. ఈ ప్రాంతంలో దాని వ్యాకోచం దాదాపు ఏకరీతిగా ఉంటుంది. నీటి ప్రవర్తన ఇందుకు భిన్నం. 0°సె. నుంచి 4°సె. వరకు వేడిచేస్తే నీరు వ్యాకోచించదు, సంకోచిస్తుంది. అందువల్ల నీరు ఉష్ణమాపక ద్రవంగా పనికిరాదు.

2. గాజు బల్బులో మార్పు

పాదరసం నిజ వ్యాకోచ గుణకం డిగ్రీకి సుమారు 0.00018. గాజు ఘనపరిమాణ వ్యాకోచ గుణకం సుమారు 0.00002. ఈ రెండింటి భేదమైన 0.00016 పాదరసం దృశ్య వ్యాకోచ గుణకం. అంటే బల్బు ఘనపరిమాణంలో 6,250వ వంతు పాదరసం నాళికలోకి ఎక్కితే, స్కేలుపై 1 డిగ్రీ పెరుగుతుంది. ఉష్ణోగ్రత మారకపోయినా, బల్బు అంత స్వల్పంగా కుంచించుకుపోతే చాలు, ఉష్ణమాపకం 1 డిగ్రీ ఎక్కువ చూపుతుంది.

వేడిచేసి తయారుచేసిన గాజు చల్లబడిన తరవాత కూడా ఏళ్ల తరబడి అతి నెమ్మదిగా సంకోచిస్తూ ఉంటుంది. జేమ్స్ జౌల్ తన ఉష్ణమాపకాన్ని 1844 నుంచి 1882 వరకు పరిశీలించి, మంచులో దాని రీడింగు సుమారు అర డిగ్రీ సెల్సియస్ పెరిగినట్లు గుర్తించాడు. మరొక మార్పు తాత్కాలికమైనది. ఉష్ణమాపకాన్ని మరిగే నీటిలో ఉంచి, వెంటనే మంచులో పెడితే, బల్బు పూర్వస్థితికి వెంటనే రాదు. అందువల్ల రీడింగు కొంచెం తక్కువగా ఉంటుంది.

3. శూన్యాంశ దోషం కనుగొనే పద్ధతి

స్వేదనజలంతో చేసిన మంచును సన్నగా పొడిచేసి గరాటులో నింపండి. పొడి మధ్య ఖాళీలు నిండేలా చల్లని స్వేదనజలం పోసి, అదనపు నీటిని కారిపోనివ్వండి. మంచు తడిగా, కరుగుతూ ఉండాలి. ఫ్రీజరు నుంచి అప్పుడే తీసిన పొడిమంచు 0°సె. కంటే చల్లగా ఉండవచ్చు. ఉప్పు కలిసినా ద్రవీభవన స్థానం తగ్గుతుంది. ఉష్ణమాపకాన్ని సున్న గీత వరకు మంచులో దించి, రీడింగు నిలకడకు వచ్చేవరకు ఆగండి. కంటిని పాదరస మట్టానికి సమాన ఎత్తులో ఉంచి రీడింగు తీసుకోండి.

సున్న గీత వరకు ఎందుకు దించాలి? బల్బును మాత్రమే ముంచితే, నాళికలోని పాదరసం గది వేడికి వ్యాకోచిస్తుంది. గది 32°సె. వద్ద ఉండి, 10 డిగ్రీల పొడవు పాదరసం బయట ఉంటే, దోషం 0.00016 × 10 × 32, అంటే సుమారు 0.05 డిగ్రీ.

4. ఉదాహరణ

మన శీతల పెట్టెలోని ఉష్ణమాపకం కరిగే మంచులో 0.6°సె. చూపిందనుకుందాం. శూన్యాంశ దోషం +0.6. బల్బు సంకోచం వల్ల స్కేలు అంతటా రీడింగు దాదాపు ఒకే మేరకు పెరుగుతుంది కాబట్టి, 0°సె. సమీపంలోని రీడింగులన్నింటి నుంచి ఈ విలువను తీసివేయవచ్చు.

నిజ ఉష్ణోగ్రత = 2.4 - 0.6 = 1.8°సె.

రీడింగు హద్దులోనే ఉంది, పెట్టె మాత్రం హద్దు దాటింది. పాతబడిన ఉష్ణమాపకం సాధారణంగా ఎక్కువ చూపుతుంది కనుక, చలి ప్రమాదాన్ని అది దాచిపెడుతుందని గమనించండి.

5. సారాంశం

కనీసపు కొలత చిన్నదైనంత మాత్రాన కొలత ఖచ్చితమైనది కాదు. 0.2 డిగ్రీల గీతలున్న ఉష్ణమాపకంలో కూడా 0.6 డిగ్రీల దోషం ఉండవచ్చు. 0°సె. సమీపంలో ఖచ్చితత్వం పాదరసం కంటే గాజుపైన, మనం చేసే సరిచూపుపైన ఎక్కువగా ఆధారపడుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. గాజు బల్బు సంకోచిస్తే రీడింగు ఎందుకు పెరుగుతుంది?
2. ఒక ఉష్ణమాపకం కరిగే మంచులో -0.3°సె. చూపింది. అది 4.1°సె. చూపినప్పుడు నిజ ఉష్ణోగ్రత ఎంత?