సాక్షి మందుచీటీ

రాజమహేంద్రవరమున నన్నయ తెనిగించిన భారతమున, మానవుని నడవడిని చంద్రసూర్యులు ఎరిగియుందురని శకుంతల పలికినది. వారికి చూపు మందగించదు. మానవసాక్షి అట్టివాడు కాడు.

కోనసీమ గట్టుపై నడిరేయి హంతకుని చూచితినన్న సాక్షికి కంటిశుక్లములున్నచో, ఆస్పత్రి చీటీయే నిందితునకు ప్రాణాధారము కావచ్చును. 2024లో అమలునకు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 94వ విభాగము క్రింద న్యాయస్థానము అవసరమైన పత్రమును సమన్లతో తెప్పింపవచ్చును. అయినను, అభియోగము ఖరారగు దశలో నిందితుడు సాధారణముగా దానిని కోరజాలడని 2004లో సుప్రీంకోర్టు తీర్పిచ్చినది.

అదే యేట, మన రాష్ట్రపు స్టాంపుచట్ట సవరణపై నడచిన కెనరా బ్యాంకు వ్యాజ్యమున, పత్రము బ్యాంకు చేతనున్నంత మాత్రమున ఖాతాదారు గోప్యత నశింపదనినది. ఆస్పత్రి చీటీకిని ఈ న్యాయమే తగును.

కంటిజబ్బు నడుగవచ్చును, కడుపులోని వెతలన్నియు త్రవ్వరాదు. త్రవ్వినచో సాక్షి రేపు వైద్యునికి నిజము చెప్పడు. న్యాయాధిపతికి మొగము చూపడు.