చక్రాల కుర్చీలోని సహోదరి



పోలియో వలన, ప్రమాదముల వలన చక్రాల కుర్చీకి పరిమితమైన సహోదరీలు మన గ్రామ సంఘములలో ఉన్నారు. మన దేశము పోలియో రహితమని 2014లో ధ్రువీకరింపబడినది. కాబట్టి బాల్యములో ఆ వ్యాధి సోకినవారిలో చాలామంది ఇప్పుడు నడివయసు స్త్రీలు. అయినా వారిని ఇంకా "పాప" అనియే పిలుస్తారు. లేదా పేరు మాని "ఆ కుంటిది" అంటారు. (కావాలని నలుగురిలో అవమానించుట 2016 నాటి చట్టము ప్రకారము శిక్షార్హము.) ఈ రెండు పిలుపులలోను ఆమె స్త్రీ అన్న మాట మరుగైపోతుంది.

క్రిస్మస్‌కు ఇంటిలో అందరికీ చీరలు తెచ్చి, "ఎలాగూ ఎక్కడికీ పోదు కదా" అని ఆమెకు నైటీ తెస్తారు. చెల్లెలి పెళ్ళిచూపుల నాడు వెనుక గదిలో ఉంచి తలుపు వేస్తారు. ఆమె పెళ్ళి మాట ఎత్తితే నవ్వుతారు. నడవలేని స్త్రీ పిల్లలను కనలేదనుకొనుట అజ్ఞానము. వెన్నుపాము దెబ్బతిన్నవారిలో కూడ చాలామంది వైద్యుల పర్యవేక్షణలో తల్లులగుచున్నారు.

మందిరము సంగతి చూద్దాము. మెట్ల దగ్గర నలుగురు యౌవనస్థులు, ప్రేమతోనే, కుర్చీతో సహా ఆమెను పైకెత్తుతారు. ఆమెను అడిగేవారుండరు. పైట జారితే సర్దుకొనుటకు చేతులు ఖాళీ ఉండవు, పడిపోకుండ కుర్చీని పట్టుకోవాలి గదా! మన ఆడపిల్లలకు ఎన్ని జాగ్రత్తలు చెబుతాము? ఈమె సిగ్గుకు మాత్రము లెక్క లేదు. కుర్చీ పట్టే మరుగుదొడ్డి లేనందున, సభలకు వచ్చిన రోజు ఉదయము నుండి మంచినీళ్ళు మానుకొనే సహోదరీలున్నారు. మూత్రనాళపు జబ్బులకు అదొక కారణము. నెలసరి దినములలో గడప దాటరు. "ఆమెకు భక్తి తగ్గింది" అనేవారికి ఈ సంగతి తెలియదు.

స్వస్థత కూడికల మాట కూడ చెప్పవలసి ఉన్నది. ముందు వరుసలో కూర్చోబెట్టి ప్రార్థించి, లేవకపోతే విశ్వాసము చాలలేదని పంపివేయుట క్రూరత్వము. ప్రభువు స్వస్థపరచగలడు, దానిని మేము కాదనము. అయితే రెండవ సమూయేలు 9వ అధ్యాయము చివరి వరకు చదవండి. మెఫీబోషెతు కాళ్ళు బాగుపడలేదు. అయినను రాజు బల్లయొద్ద చోటు దొరికినది. అతనికి మీకా అను కుమారుడును ఉన్నాడు.

వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు చెందిన డాక్టర్ మేరీ వర్గీస్ గారు 1954లో మోటారు ప్రమాదము వలన కాళ్ళలో చలనము కోల్పోయారు. చక్రాల కుర్చీలో కూర్చుండియే కుష్ఠరోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. 1966లో అక్కడ పునరావాస కేంద్రము ప్రారంభమగుటకు ఆమెయే మూలము. 1972లో పద్మశ్రీ పొందారు. మన స్త్రీల సమాజములలో కుర్చీలోని సహోదరిని కార్యదర్శిగా ఎన్నుకొన్నవి ఎన్ని?

మెట్ల ప్రక్కన వాలుదారి కట్టే సంఘములకు ఒక మాట. అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ఉండవలెను. నిటారుగా కడితే మరల ఎవరో తోయవలసినదే. మరుగుదొడ్డి తలుపు 3 అడుగుల వెడల్పుంటే కుర్చీ లోపలికి పోతుంది. ఇవన్నీ పూర్తయ్యే వరకు ఎత్తక తప్పదు గనుక, ముందు ఆమెను అడగండి. ఎవరు ఎత్తాలో, ఎక్కడ పట్టుకోవాలో ఆమెయే చెబుతుంది.