మనుషుల్ని చదివే చదువు

పరీక్షా ఫలితాలు వచ్చే రోజుల్లో జుమా నమాజు తర్వాత తల్లిదండ్రులు మమ్మల్ని అడిగేది ఒక్కటే: "మౌల్వీసాబ్, పిల్లాణ్ణి ఎందులో చేర్చమంటారు?" ఇంజనీరింగ్, ఫార్మసీ దాటి ఆలోచన సాగదు. ఆంత్రొపాలజీ, అంటే మానవశాస్త్రం అని మేమంటే, "అది చదివితే ఏమొస్తుందండీ?" అంటారు.

మానవుల్ని జాతులుగా, తెగలుగా చేసింది పరస్పరం తెలుసుకోవడానికేనని దివ్య ఖుర్ఆన్ హుజురాత్ సూరా 13వ ఆయత్ బోధిస్తోంది. ఆ తెలుసుకోవడాన్ని ఒక విద్యగా సాధన చేసినవాడు అల్‌ బీరూనీ. ఆయన సంస్కృతం నేర్చి, పండితుల్ని అడిగి, 1030 ప్రాంతంలో 'కితాబుల్ హింద్' రాశాడు. తన విశ్వాసం విడువలేదు, ఎదుటివారి విశ్వాసాన్ని వారి గ్రంథాల నుంచే వివరించాడు. సమాజాలు ఎందుకు లేస్తాయో, ఎందుకు పడతాయో 1377లో ఇబ్నె ఖల్దూన్ 'ముఖద్దిమా'లో విచారించాడు.

ఈ విద్య మనకెందుకు? ఆంధ్రప్రదేశ్‌లో 2005లో ముస్లింలకిచ్చిన 5 శాతం రిజర్వేషన్‌ను హైకోర్టు కొట్టివేసింది. అత్తరు సాయిబులు, గారడీ సాయిబులు, తురకకాశ వంటి వెనుకబడిన వర్గాలకు 4 శాతం ఇచ్చిన 2007 చట్టాన్నీ 2010లో కొట్టివేసింది. వెనుకబాటును అంచనా కట్టిన సర్వే తీరు సరిగా లేదన్నది అందుకొక కారణం. అదే ఏడాది సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అమలు కొనసాగింది. మన పేదరికం మనకు తెలుసు. కాని న్యాయస్థానంలో నిలిచేది కన్నీరు కాదు, పద్ధతిగా సేకరించిన వివరం. అది సేకరించగలవారు మనలో ఎందరు?

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో, విశాఖలోని ఆంధ్రా, తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లో ఈ శాఖ ఉంది. చదివినవారికి 1945లో ఏర్పడిన ఆంత్రొపలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా, గిరిజన పరిశోధన సంస్థలు, మ్యూజియాలు, ప్రజారోగ్య పథకాలు, అధ్యాపక వృత్తి దారులు. సివిల్స్ మెయిన్స్‌లో 500 మార్కుల ఐచ్ఛికాంశంగానూ తీసుకోవచ్చు. అయితే డిగ్రీ చేతికందగానే ఉద్యోగం దొరకదు. ఓపిక కావాలి, ఊరూరా తిరగాలి.

మానవ పరిణామ పాఠాలుంటాయని కొందరు జంకుతారు. చదవకుండా జవాబు చెప్పలేం. సందేహం వచ్చిన బిడ్డను కసరకుండా దగ్గర కూర్చోబెట్టుకుని మాట్లాడితే ఈమాన్ బలపడుతుందే గాని సడలదు.

మన గురించి ఇతరులు రాసింది చదివి బాధపడుతూ కూర్చోవడం ఇక చాలు. కలం మన పిల్లల చేతికీ రావాలి. అల్లాహ్ వారికి ప్రయోజనకరమైన జ్ఞానం ప్రసాదించుగాక! ఆమీన్.