ఋతువులను చిత్రించిన క్లోద్ మోనే

తెల్లని మంచుపై బడిన నీడ యే రంగుగా నుండును? నల్లగా నుండునని మనలో ననేకులు చెప్పుదురు. ఫ్రాన్సు దేశపు చిత్రకారుడగు క్లోద్ మోనే (1840-1926) అట్లు తలపక, ఆరుబయటికి బోయి చూచెను. 1868-69 శీతకాలమున నతడు రచించిన 'మాగ్‌పై' యను చిత్రములో దడి నీడలు మంచుపై నీలముగా బరచుకొని యున్నవి. ఎండ తగులని చోట నాకాశపు నీలికాంతియే పడుచుండును గదా! అయినను పారిసులోని సాలోన్ ప్రదర్శనమువారు 1869లో ఆ పటమును నిరాకరించిరి. నేడది యా నగరమందే ఓర్సే మ్యూజియములో నున్నది.

ఆ కాలమున మోనే ఋతువును నిశ్చలమగు దృశ్యముగా జూచెను. పిదప నతని దృష్టి మారెను. 1879 సెప్టెంబరులో వెతేయ్ గ్రామమందు నతని భార్య కమీయ్ మరణించెను. ఆ శీతకాలమున గడ్డకట్టిన సేన్ నది 1880 జనవరిలో పగిలి, మంచుపలకలు ప్రవాహమున గొట్టుకొనిపోయెను. దుఃఖములో నున్న మోనే చలికి వెరవక వానిని పలుమారులు చిత్రించెను. కదలిపోవు మంచును బట్టుటకై యతని కుంచె గీతలు విడివిడిగా, త్వరితముగా సాగినవి.

1883లో నతడు జివెర్నీ గ్రామమున గాపురముండెను. 1890 వేసవి తుద మొదలు 1891 ఆరంభము వరకు ఇంటి చేరువ పొలములోని గోధుమకుప్పలను సుమారు 25 పటములలో రచించెను. వెలుగు మారిన కొలది నొక పటమును దించి, ఆ వెలుగునకు దగిన మరియొక దానిని నిలుపుకొనెడివాడు. అవే కుప్పలు సాయంకాలపుటెండలో నిప్పుకణికలవలె, మంచునందు నీలివర్ణముతో గాన్పించును. 1891 మే నెలలో వీనిలో 15 పటములు పారిసులో ప్రదర్శింపబడెను. ఇప్పుడు కుప్ప నిమిత్తమాత్రము. మారెడి వెలుగే ముఖ్యవిషయము.

ఇంతగా జూచిన కన్నులకే వార్ధక్యమున శుక్లములు గ్రమ్మి, రంగులు మసకబారెను. 1923లో శస్త్రచికిత్స జరిగిన పిదప నతడు మరల కుంచె బట్టెను.

బాలబాలికలారా! రేపుదయమున సున్నపు గోడపై బడు చెట్టునీడను జూడుడు. దాని రంగు మాకు దెలియునని తొందరపడక, ముందు కనులార జూడుడు. మోనే జన్మమంతయు జేసిన సాధన మదియే.