సైట్ల మధ్య సందేశాల దారి: కాస్ట్, హబ్ సైట్

అమలాపురం నుంచి భీమవరం వెళ్లాలంటే మీరు చించినాడ వంతెన మీద వశిష్ఠ దాటి, పాలకొల్లు మీదుగా వెళతారు. రాజమహేంద్రవరం చుట్టి వెళ్లరు. ఈ మూడు ఊళ్లలో కార్యాలయాలున్న సంస్థ ఒకటి ఉందనుకోండి. దాని మెయిల్ మాత్రం రాజమహేంద్రవరం మీదుగానే వెళ్లవచ్చు. సర్వర్‌కు పటం తెలియదు, నిర్వాహకుడు రాసిన అంకెలే తెలుసు. ఎక్స్ఛేంజ్ సర్వర్ 2007, 2010 ఆ అంకెలను ఎలా వాడుకుంటాయో ఈ పాఠ్యభాగంలో చూద్దాం.

యాక్టివ్ డైరెక్టరీలో సైట్ అంటే వేగమైన లైన్లతో కలిసి ఉన్న ఐపీ సబ్‌నెట్ల సముదాయం. సైట్లను కలిపేది సైట్ లింక్. ప్రతి లింక్‌కూ ఒక కాస్ట్ ఉంటుంది. మీరు మార్చకపోతే అది 100. ఇది రూపాయల లెక్క కాదు. అంకె ఎంత చిన్నదైతే ఆ దారికి అంత ప్రాధాన్యం. మన ఉదాహరణలో రాజమహేంద్రవరం–అమలాపురం లింక్‌కు 10, రాజమహేంద్రవరం–భీమవరం లింక్‌కు 10, అమలాపురం–భీమవరం మధ్యనున్న నెమ్మదైన లైన్‌కు 50 ఇచ్చామనుకోండి. అమలాపురం నుంచి భీమవరానికి రాజమహేంద్రవరం మీదుగా మొత్తం 20, నేరుగా అయితే 50. సర్వర్ 20నే ఎంచుకుంటుంది. మొత్తాలు సమానమైతే తక్కువ మజిలీలున్న దారిని తీసుకుంటుంది.

విద్యార్థులు తరచూ పొరబడే చోటు ఇది. దారి రాజమహేంద్రవరం మీదుగా అని తేలినంత మాత్రాన సందేశం అక్కడి సర్వర్‌లో దిగదు. అమలాపురం సర్వర్ నేరుగా భీమవరం సర్వర్‌తోనే కనెక్షన్ పెట్టుకుంటుంది. అది కుదరనప్పుడే, ఆ దారిలో గమ్యానికి వీలైనంత దగ్గరున్న సైట్‌కు సందేశాన్ని చేర్చి అక్కడి క్యూలో ఉంచుతుంది. తనిఖీ వంటి అవసరం వల్ల ప్రతి సందేశమూ మధ్యలో ఆగి తీరాలంటే రాజమహేంద్రవరాన్ని హబ్ సైట్‌గా ప్రకటించాలి. సెట్-ఏడీసైట్ ఆదేశంలో హబ్‌సైట్‌ఎనేబుల్డ్ విలువను ట్రూ చేస్తే చాలు. అయితే హబ్ సైట్ అతి తక్కువ కాస్ట్ దారిలో ఉన్నప్పుడే ఈ నియమం వర్తిస్తుంది. ఈ వాక్యాన్ని గుర్తుంచుకోండి, కింద దీనితోనే పని.

ధవళేశ్వరం వద్ద ప్రవాహం 17 లక్షల క్యూసెక్కులకు చేరితే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 2022 జూలైలో అది 25 లక్షలు దాటింది. అలాంటి రోజున రాజమహేంద్రవరం కార్యాలయంలో కరెంటు పోయి మెయిల్ సర్వర్ ఆగిపోయిందనుకోండి. లంక గ్రామాలకు పడవలు పంపమని అమలాపురం నుంచి భీమవరానికి మెయిల్ వెళ్లాలి. రెండింటి మధ్య నెమ్మదైన లైన్ బాగానే ఉంది. అయినా సందేశం కదలదు, హబ్ కోసం అమలాపురం క్యూలోనే ఎదురుచూస్తుంది. లింక్ స్థితిని బట్టి దారి మార్చుకునే పద్ధతి 2003 వెర్షన్‌లో ఉండేది. 2007 నుంచి తీసేశారు. మామూలు అమరికలో, సందేశం ఆలస్యమవుతోందని పంపినవారికి తెలిసేది 4 గంటల తరువాత. 2 రోజులు దాటితే సందేశం తిరిగి వచ్చేస్తుంది. (ఫోన్ చేయవచ్చు కదా అంటారా? తప్పక చేయండి. కానీ క్యూలో ఉన్నది ఆ ఒక్క మెయిలే కాదు.)

నిర్వాహకుడు చేయవలసింది ఇది. సెట్-ఏడీసైట్‌లింక్ ఆదేశంతో రాజమహేంద్రవరం–భీమవరం లింక్‌కు ఎక్స్ఛేంజ్‌కాస్ట్ 100 ఇవ్వాలి. ఇప్పుడు పాత దారి 110, నేరు దారి 50. హబ్ ఇక దారిలో లేదు కాబట్టి సందేశం నేరుగా భీమవరం చేరుతుంది. లింక్ అసలు కాస్ట్‌ను మాత్రం ముట్టుకోకండి. దాని మీద డైరెక్టరీ రెప్లికేషన్ కూడా ఆధారపడుతుంది. ఎక్స్ఛేంజ్‌కాస్ట్ మెయిల్‌కు మాత్రమే వర్తిస్తుంది. ఈ మార్పును అమలాపురంలోని డొమైన్ కంట్రోలర్ మీదే చేయండి. వేరేచోట చేస్తే రెప్లికేషన్‌కు మామూలు విరామం 180 నిమిషాలు. క్యూలో చిక్కుకున్న సందేశాలను రీట్రై-క్యూ ఆదేశంలోని రీసబ్మిట్ ఐచ్ఛికంతో మళ్లీ దారి లెక్కకు పంపవచ్చు. నెమ్మదైన లైన్ మీదుగా వెళ్లేలా రూటర్లలోనూ దారి రాసి ఉండాలి. అది మెయిల్ సర్వర్ చేసే పని కాదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: కరెంటు వచ్చి రాజమహేంద్రవరం సర్వర్ మళ్లీ పనిచేస్తోంది, కానీ ఎక్స్ఛేంజ్‌కాస్ట్ 100ను ఎవరూ తొలగించలేదు. రాజమహేంద్రవరం నుంచి భీమవరానికి సర్వర్ ఇప్పుడు ఏ దారిని ఎంచుకుంటుంది? దాని మొత్తం కాస్ట్ ఎంత?