కోసిన చేతులు, రాసిన చేతులు: పశువైద్య శాస్త్రవేత్త దారిని గూడెం నుంచి చూస్తే

మన సమాజంలో చచ్చిన పశువుకి రెండు చిరునామాలున్నాయి. ఒకటి మాదిగ గూడెం. రెండోది పశువైద్య కళాశాలలో శవపరీక్ష చేసే గది. రెండు చోట్లా జరిగే పని దాదాపు ఒకటే. తోలు వొలుస్తారు, పొట్ట కోస్తారు, కాలేయం, ఊపిరితిత్తులు, పేగులు బయటకి తీస్తారు. గూడెంలో చేస్తే అది మైల. కళాశాలలో చేస్తే చదువు. ఒకే పనికి రెండు విలువలు కట్టింది శాస్త్రం కాదు, కులం. ఒక పశువైద్య శాస్త్రవేత్త పరిశోధనా నాయకుడిగా ఎదిగిన క్రమాన్ని ఈ తేడా దగ్గర నిలబడి పరిశీలించాలన్నది మా ప్రయత్నం.

డాక్టర్ సురేష్ కూచిపూడి ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పశువైద్యం చదివారు. అప్పట్లో పశువైద్య కళాశాలలు ఆ విశ్వవిద్యాలయం కిందే ఉండేవి. తిరుపతి కేంద్రంగా పశువైద్య విశ్వవిద్యాలయం విడిగా ఏర్పడింది 2005లో. ఆయన గ్లాస్గోలో పిహెచ్.డి. చేసి, ఇంగ్లాండులోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో బర్డ్ ఫ్లూ మీద పనిచేశారు. తర్వాత అమెరికాలో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ పశురోగ నిర్ధారణ ప్రయోగశాలలో బాధ్యతలు చేపట్టారు. 2023లో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం ప్రజారోగ్య పాఠశాలలో అంటువ్యాధుల విభాగానికి అధిపతి అయ్యారు. గొడ్ల డాక్టరు చదువు చదివిన మనిషి మనుషుల అంటురోగాల శాఖకి పెద్ద కావడం మన ఊళ్ళలో వింతగా తోచవచ్చు. కానీ రోగాలకి పశువు, మనిషి అన్న గోడ లేదు. ఆయన పరిశోధనంతా ఆ గోడ లేని చోటే నడిచింది.

నాటింగ్‌హామ్‌లో పరిశోధకులు వేసుకున్న ప్రశ్న కొల్లేటి జనానికి సూటిగా సంబంధించినది. ఒకే వైరస్ సోకితే కోళ్ళు గంపలకొద్దీ చస్తాయి, బాతులు చాలాసార్లు తట్టుకుంటాయి. ఎందుకు? 2012లో ఆ బృందం ప్రచురించిన వ్యాసం ఒక కారణం చెప్పింది. వైరస్ దూరిన బాతు కణం తొందరగా తనంతట తానే చచ్చిపోతుంది. వైరస్ పెరగడానికి వ్యవధి దొరకదు. కోడి కణం ఎక్కువసేపు బతికి ఎక్కువ వైరస్‌ని బయటకి వదులుతుంది. అన్ని రకాల వైరస్‌లకీ ఇది వర్తించదు, బాతుల్ని చంపే రకాలూ ఉన్నాయి. అయినా మనకి పనికొచ్చే పాఠం ఇందులో ఉంది: చూడ్డానికి బాగానే ఉన్న బాతు కూడా రోగాన్ని మోసుకు తిరగగలదు.

రెండో పని కరోనా కాలంలోది. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో జింకలకి వచ్చే వేరే జబ్బు కోసం ప్రభుత్వ సిబ్బంది వేటలో పడ్డ, రోడ్ల మీద చచ్చిన జింకల మెడ దగ్గరి గ్రంథుల్ని తీసి భద్రపరుస్తుంటారు. కూచిపూడి, వివేక్ కపూర్ తదితరులు అక్కడివే 283 నమూనాలను పరీక్షించారు. 94 జింకల్లో కరోనా వైరస్ దొరికింది. అంటే మూడింట ఒకటి. మనిషి నుంచి అడవి జంతువుకి రోగం పాకి, అక్కడ జంతువు నుంచి జంతువుకి తిరుగుతోందని 2022లో అచ్చయిన ఈ వ్యాసం చూపించింది.

ఈ పరిశోధన ఎక్కడ మొదలైందో గమనించాలి. అది ప్రయోగశాలలో మొదలు కాలేదు. చచ్చిన జంతువుని ముట్టుకుని, కోసి, ముక్క తీసి, చీటీ అంటించిన చేతుల దగ్గర మొదలైంది. ఆ చేతుల పని లేకపోతే వ్యాసం లేదు. అక్కడ చచ్చిన జంతువు ఆధారం. ఇక్కడ అది అంటు.

మన దగ్గర తరతరాలుగా ఆ పని చేసినవాళ్ళకి తెలియనిదేముంది? దొమ్మ రోగంతో చచ్చిన గొడ్డు నెత్తురు నల్లగా ఉండి గడ్డకట్టదని పుస్తకంలో ఉంది. గొడ్డుని కోసిన మనిషి అది కళ్ళారా చూశాడు. జబ్బవాపు, గొంతువాపు, గాలికుంటు అన్నవి పల్లె జనం పశువుని చూసి పెట్టుకున్న పేర్లే. ఈ ఎరుకని రాసిపెట్టినవాళ్ళు లేరు. పైగా దాన్ని నేరంగా చూశారు. 19వ శతాబ్దంలో ఉత్తర భారతంలో పశువులు మందలుగా చస్తే, తోళ్ళ కోసం చమార్లు విషం పెడుతున్నారని వలస ప్రభుత్వం అనుమానించింది. ముసర వ్యాధి లాంటి అంటురోగాలు దేశాన్ని ఊడ్చేస్తున్న రోజులవి. పశువుల అంటురోగాల మీద కమిషన్ వేసి 1871లో నివేదిక తెప్పించుకున్నదీ అదే ప్రభుత్వం. 1889లో పూనాలో పెట్టిన ప్రయోగశాల 1893లో ముక్తేశ్వర్ కొండకి మారి, ఈనాటి భారత పశువైద్య పరిశోధనా సంస్థకి మూలమైంది. 2011లో ముసర వ్యాధి ప్రపంచం నుంచే పోయింది. శాస్త్రం గెలిచింది, సంతోషమే. చమారు మీద పడ్డ అనుమానానికి మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు.

ఇక్కడ ఒక మాట స్పష్టం చెయ్యాలి. 1927లో మహద్‌లో అంబేద్కర్ చచ్చిన గొడ్డు మాంసం మానమన్నారు. ఆ పిలుపు సరైనది. వెట్టిని తిరిగి నెత్తికెత్తుకోమని మేము అనడం లేదు. వెట్టిని వదిలేద్దాం, దాంతో పాటు పుట్టిన ఎరుక మీద హక్కుని మాత్రం వదులుకోవద్దు అంటున్నాం.

ఇప్పుడు మండవల్లి వైపు చూద్దాం. ఒకప్పుడు కృష్ణా జిల్లాలోదైన ఈ మండలం 2022 నుంచి ఏలూరు జిల్లాలో ఉంది. పక్కన కైకలూరు మండలం ఆటపాకలో పెలికాన్ పక్షుల కేంద్రం. వలస పక్షులు దిగే కొల్లేరు 1999లో అభయారణ్యం అయింది, 2002లో అంతర్జాతీయ రామ్‌సార్ జాబితాకెక్కింది. దాని చుట్టూ చేపల చెరువులు, కోళ్ళ ఫారాలు, కోతలైన చేలలో తిరిగే బాతుల మందలు. కోళ్ళ పెంటే చెరువుకి ఎరువు. అడవి పక్షి, బాతు, కోడి, చెరువు, మనిషి ఇంత దగ్గరగా ఉన్న చోటు మన రాష్ట్రంలో అరుదు. నాటింగ్‌హామ్ ప్రశ్నకి ఇంతకన్నా తగిన నేల ఏది?

2025 ఫిబ్రవరిలో పశ్చిమ గోదావరి జిల్లా తణుకు మండలం వేల్పూరులో, తూర్పు గోదావరి జిల్లా పెరవలి మండలం కానూరులో బర్డ్ ఫ్లూ ఖాయమైంది. నమూనాలు భోపాల్ దాకా వెళ్ళాల్సొచ్చింది. రోగం వచ్చిన ఫారం చుట్టూ కిలోమీటరు లోపల కోళ్ళని చంపి పూడ్చారు, పది కిలోమీటర్ల దాకా నిఘా పెట్టారు. తర్వాతి నెలలో పల్నాడు జిల్లాలో ఒక పసిపాప ఇదే రోగంతో చనిపోయింది. కోళ్ళని చంపి పూడ్చింది ‘సిబ్బంది’ అంటారు. సిబ్బంది అన్న మాటలో డాక్టరూ ఉంటాడు, రోజుకూలీ ఉంటాడు. కోళ్ళ యజమానికి పక్షికింత అని పరిహారం ఉంది. ఫారంలో పెంట ఎత్తే మనిషికి, చచ్చిన కోళ్ళని గోతాల్లో కెత్తిన మనిషికి ఏముంది? పని పోవడం ఉంది. రోగం మొదట తగిలేది ఆ చేతులకే. ఆ చేతుల్లో ఎక్కువ ఏ పేటల నుంచి వస్తాయో డెల్టాలో తిరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

కూచిపూడి గారి కులం మా ప్రశ్న కాదు, ఆయన నడిచిన దారి మా ప్రశ్న. డిగ్రీ, పి.జి., విదేశీ పిహెచ్.డి., ప్రయోగశాల, శాఖాధిపత్యం. ఈ మెట్లలో మొదటిది గన్నవరంలోనే ఉంది, పశువైద్య కళాశాల. గూడెం నుంచి మొదటి మెట్టు ఎక్కడానికి రిజర్వేషన్ ఉంది. ఆ పై మెట్లకి కావలసినవి ఇంగ్లీషు, ఫెలోషిప్, దారి చెప్పే గురువు, నాలుగైదేళ్ళు సంపాదన లేకపోయినా నిలబడే ఇల్లు. మన పిల్లలు డిగ్రీ కాగానే ఉద్యోగం వెతుక్కోవడం చేతకాక కాదు. ఇల్లు ఆగదు గనక.

అందుకే మా డిమాండ్లు చిన్నవి, చెయ్యదగ్గవి. ఫారాల్లో, చెరువుల మీద, కబేళాల్లో పనిచేసేవాళ్ళ పేర్లు ఆరోగ్య శాఖ రిజిస్టరులోకి ఎక్కాలి. రోగం వచ్చినప్పుడు వాళ్ళకి పరీక్ష, చేతులకి తొడుగు, పోయిన పనిదినాలకి కూలి ఇవ్వాలి. పశువైద్య విద్యార్థులు శవపరీక్ష నేర్చుకునేటప్పుడు తోలు పని తెలిసిన పెద్దల్ని పిలిచి వాళ్ళ మాట రాసుకోవాలి, వాళ్ళ పేరుతోనే రాసుకోవాలి. దళిత పశువైద్య పట్టభద్రులకి పరిశోధన దాకా తీసుకెళ్ళే ఫెలోషిప్ ప్రత్యేకంగా ఉండాలి. టీచర్లు ఒక పని ఇవాళే చెయ్యొచ్చు. క్లాసులో గొడ్ల డాక్టరు పాఠం చెప్పేటప్పుడు, ఆ పొట్టని మొదట కోసింది ఎవరని పిల్లల్ని అడగండి. జవాబు తెలిసిన పిల్ల వెనక బెంచీలో కూచుని ఉంటుంది.